కీర గింజలు కట్టి ఉంచాను

పర్లాకిమిడి

చి.సౌ. బుజ్జమ్మకి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలు మామూలే. నువ్వు పంపిన కీర తీగ ఫొటో చూశాను. పూలన్నీ రాలిపోతున్నాయని బెంగ పెట్టుకున్నావు. మొదట వచ్చేవి మగపూలే, రాలక ఏం చేస్తాయి? ఆడపువ్వుకి రేకుల వెనక నూగుతో చిన్న పిందె ఉంటుంది. అది కనబడేదాకా వారం పది రోజులు ఓపిక పట్టాలి. మీ మేడ మీదకి తేనెటీగలు రాకపోతే, పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఓ మగపువ్వు తుంపి, రేకులు ఒలిచేసి, పుప్పొడి ఆడపువ్వు మధ్యలో తాకించు. ఇదంతా ఫోనులోనే చెబుదామనుకున్నాను. మోగుతుంది, తీయవు.

పాతపట్నం అత్త కొడుకు వైజాగ్ వచ్చినప్పుడు మీ గుమ్మానికి తాళం చూశాడట. ఊరెళ్ళి ఉంటారులే అన్నాను. ఆ మాట అలా ఉంచు.

అడిగిన గింజలు కాగితంలో కట్టి ఉంచాను. రాత్రి నానబెట్టి, పొద్దున్నే నేరుగా కుండీలోనే వెయ్యి. వేలి కణుపులో సగం లోతు చాలు. ఈ వేడికి నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. డబ్బాల్లో మొలిపించి తర్వాత మారుస్తానంటావేమో, కీర వేరు సున్నితం, కదిపితే బెట్టు చేస్తుంది. పందిరెక్కిన తీగనైతే కదపనే కూడదు. కుండీలు లారీలో వేసుకుపోవడం లాంటివి అసలే వద్దు. ఎవరో అలా చేశారని కాదు, ఊరికే చెబుతున్నాను. నీళ్ళు ఓ రోజు పోసి రెండు రోజులు మరిచిపోతే కాయ చేదెక్కుతుంది. వేళకి చెయ్యడం నీకు చిన్నప్పటినించీ లేదు. అన్నమైనా వేళకి తింటున్నావా?

ఈ విత్తనం మీ నాయనమ్మ కాపరానికొస్తూ తెచ్చుకున్నది. మన ఊరు 1936లోనే ఒరిస్సాలో కలిసింది గానీ, ఆవిడకి గింజ అంటే ఆంధ్రా వైపున్న పాతపట్నందే. ఏటా ఒక కాయని తీగకే పండనిచ్చి, గుర్తుకి ఎర్రదారం కట్టేది. నీ చిన్నప్పుడు ఓ భాద్రపదంలో, ఒడియా ఆడపిల్లల నోము ఖుదురుకుణి ఓషాకి కాకుడి, అదే కీరకాయ, కావాలని పక్కింటి మావుసి (ఒడియా పిన్ని) కూతుళ్ళు వచ్చారు. దారం కట్టింది తప్ప ఏదైనా కోసుకోండర్రా అని చెప్పి ఆవిడ లోపలికెళ్ళింది. నువ్వేమో మంగళాదేవికి పెద్దదే ఇవ్వాలని, పసుపుపచ్చగా పండిన ఆ కాయనే తెంపి ఇచ్చేశావు, దారంతో సహా. సాయంత్రం తెలిసి నాయనమ్మ ఇల్లు పీకి పందిరేసింది. నువ్వు వెళ్ళి గాదె వెనక దూరావు. మీ నాన్న పిలిచారు, నేను పిలిచాను, కంచంలో అన్నం కలిపి తెచ్చి పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. చీకటి పడ్డాక మావుసి వచ్చింది. పూజయ్యాక కాయ కోస్తే గింజలు గట్టిపడి ఉన్నాయట, గుజ్జుతో సహా ఆకుదొన్నెలో పట్టుకొచ్చింది. నాయనమ్మ ఆ గుజ్జు రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీళ్ళలో తేలినవి పారబోసి, మునిగినవి నీడన ఆరబెట్టింది. నిన్ను బయటికి లాక్కొచ్చిందీ ఆవిడే. కాయ సంగతి మరిచిపోయి, పిలిస్తే పలకనందుకు మళ్ళీ తిట్టింది.

మొలకల మీద ఎర్ర పెంకుపురుగులు వాలితే పొద్దున్నే, మంచు తడి ఉండగా, బూడిద చల్లు. గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిదెక్కడిదంటావు. అదీ కట్టాను. రెండు చింతకాయ పచ్చడి సీసాలు కూడా.

అల్లుడుగారి ఉద్యోగం గురించి అత్త ఏదో అంటే నేను చెవిన పెట్టలేదు. అద్దె తక్కువ ఇంట్లోకి మారితే మారండి, నామోషీ ఏముంది? కాకపోతే ఎండ పడే ఇల్లు చూసుకోవాల్సింది. కీరకి రోజూ ఆరు గంటల ఎండైనా కావాలి.

గుణుపూర్ ప్యాసింజరుకి వస్తానని మీ నాన్న సంచి సర్దుకుని కూర్చున్నారు. ఈ మోకాలితో ఆయన్ని ఒక్కర్నే పంపను, నేనూ వస్తాను. స్టేషనుకి మీరు రానక్కర్లేదు. ఆటోవాడికి ఏ వీధి చెప్పాలో రాయి.

మీ అమ్మ