హెడ్‌లైట్ ఫిల్మ్ కింద బుడగలు వాటికవే పోతయన్నరు, పోలేదు, తీసి కొత్తది ఎయ్యాలె

కస్టమర్ కేర్ వాళ్లకు,

నమస్తే. మాది హన్మకొండ. మీ కంపెనీ హెడ్‌లైట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (లైటు మీద గీతలు పడకుండ అంటించే ప్లాస్టిక్ పొర) ఇక్కడి మీ ఆథరైజ్డ్ డీలర్ దగ్గరనే కొన్న, ఆయన షాపులనే ఏపిచ్చిన. బిల్లు, వారంటీ కార్డు, ఫొటోలు, ఒక చిన్న వీడియో దీనికి జత చేస్తున్న, దయచేసి అవి చూసినంకనే జవాబు రాయండి. రెండు లైట్ల మీద బుడగలున్నయి, కుడి దిక్కు దాంట్లయితే సరిగ్గ ప్రొజెక్టర్ (లోపట వెలుగును ముంగటికి కొట్టే గుండ్రటి లెన్స్) ముంగటనే గోరంత బుడగ ఉన్నది. ఎప్పుడు ఫోన్ చేసినా మీ వాళ్లది ఒకటే మాట, "నీళ్ల బుడగ సార్, ఎండకు అదే ఆరిపోతది, పదిహేను రోజులు ఆగండి" అని. ఆ పదిహేను రోజులు ఎప్పుడో దాటినయి. డీలర్‌ను అడిగితే ఫిల్మ్ సరుకే గట్లొచ్చింది కంపెనీని అడగండి అంటడు, మిమ్మల్ని అడిగితే ఫిట్టింగ్ లోపం డీలర్‌ను అడగండి అంటరు, మధ్యల పైసలు పెట్టినోడు ఎవల్ని పట్టుకోవాలె?

నేను డ్యూటీ మీద కరీంనగర్ పోయి వస్తుంట, వచ్చేసరికి చీకటైతది. ఆ రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎట్ల పోతయో ఇక్కడోళ్లకు తెలుసు, ఒక్క లారీ ఎనుక పడ్డమంటే టైర్ల కెళ్లి కంకర ఎగిరి టపటప కొడ్తది. ఇప్పటి బండ్ల హెడ్‌లైట్ అద్దం కాదు, పాలికార్బొనేట్, దాని మీద ఎండకు పచ్చబడకుండ ఒక పల్చటి కోటింగ్ ఉంటది, అది గీకుపోయిందంటే లైటు మసకబారుడు షురూ అయితది. మొత్తం హెడ్‌లైట్ మార్చాలంటే వేలల్ల ఖర్చు. అందుకే ముందుగాలనే కాపాడుకుందామని ఏపిచ్చిన. డీలర్ స్మోక్ ఫిల్మ్ ఏసుకోండి లుక్ వస్తది అన్నడు గని, రాత్రి తిరిగేటోనికి వెలుతురు తగ్గించే సరుకెందుకని క్లియర్‌దే తీసుకున్న.

ఇగ అసలు సంగతి. బుడగలన్నీ ఒక్క తీరు ఉండయి సార్. నీళ్ల బుడగను వేలితోని నొక్కితే లోపట తడి కదుల్తది, రోజులు గడిచినకొద్ది చిన్నగయితది, అది ఆరిపోతదన్న మీ మాట నేను కాదంటలేను. కాని గాలి బుడగ నొక్కినప్పుడు అణుగుతది, వేలు తియ్యంగనే మళ్ల అక్కడనే లేస్తది, దాన్ని ఎండల ఎన్ని రోజులు పెట్టినా అంతే ఉంటది, ఇంక వేడికి లోపటి గాలి ఉబ్బి కొంచెం పెద్దగనే అయితది. మూడోది దుమ్ముది, నడుమ ఒక నలుసు, దాని సుట్టు ఫిల్మ్ గుడారం లెక్క లేచి ఉంటది, అది ఫిల్మ్ లేపి తీస్తె తప్ప పోదు. నా బండి మీద ఉన్నయి ఈ రెండో రకం, మూడో రకం. వీడియోల నేను వేలుపెట్టి నొక్కి చూపిచ్చిన. ఒక్కసారి చూసినా మీ టెక్నికల్ వాళ్లకు అర్థమైపోవాలె, కాని చూసినట్టు ఒక్కరు కూడ చెప్పలేదు.

ఎందుకిట్లయిందో కూడ చెప్త, ఏసేటప్పుడు నేను పక్కనే నిలవడ్డ. మే నెల, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీదికి తెరుసుకొని ఉన్న రేకుల షెడ్డు. బండి ఎండల నుంచి లోపటికి తెచ్చిండ్రు, లైటు మీద చెయ్యి పెడితే కాల్తుంది, అది సల్లవడకముందే పని మొదలుపెట్టిండ్రు. మసక పోవాలని కాంపౌండ్‌తోని పాలిష్ కొట్టిండ్రు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి ఆ కాంపౌండ్ జిడ్డు తియ్యాలె, తియ్యలేదు, ఒక గుడ్డతోని తుడిచి వదిలేసిండ్రు. షాంపూ కలిపిన నీళ్లు కొట్టిండ్రు గని ఆ వేడికి ఫిల్మ్ సర్దేలోపే ఆరిపోయినయి, గమ్ము ఎక్కడిదక్కడ పట్టేసింది. నీళ్లు కూడ బోరు నీళ్లు, ఆరినంక ఫిల్మ్ కింద తెల్లటి ఉప్పు మరకలు ఏర్పడ్డయి. స్క్వీజీ (ఫిల్మ్ కింది నీళ్లు, గాలి బయటికి నెట్టే పట్టీ) నడుమకెళ్లి అంచులకు గుంజాలె, ఆ పిల్లగాడు పైకెళ్లి కిందికి ఒక్కటే దిక్కు గుంజిండు, మూల మీద వంపు దగ్గర ఫిల్మ్ ఎక్కువ సాగదీసిండు, ఇప్పుడు అక్కడ అంచు లేస్తుంది. ఆ పిల్లగాని మీద నాకేం కోపం లేదు, వానికెవలు నేర్పిండ్రు? మీ డబ్బాల పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషులనే ఉన్నది. వరంగల్‌ల డీలర్‌షిప్ ఇచ్చి సరుకు అమ్ముతున్నప్పుడు ఒక తెలుగు కాగితం, ఒక్కరోజు ట్రైనింగ్ ఇయ్యలేరా?

రాత్రి పూట ఏమైతదో మీకు తెలువాలె. ప్రొజెక్టర్ ముంగట బుడగ ఉంటే లైటు నేరుగ పోదు, చెదిరిపోతది. గోడ ముంగట బండి పెట్టి చూస్తే ఎడమ దిక్కు లైటు వెలుగు పైన ఆగే గీత కోసినట్టు సాఫ్‌గ ఉన్నది, కుడి దిక్కు గీత అలుక్కుపోయి పైకి వెలుగు కొడ్తుంది. లో బీమ్‌ల ఉన్నా ఎదురొచ్చేటోళ్లు డిప్పర్ కొడ్తున్నరు. హుజూరాబాద్ దాటినంక ఎడ్లబండ్లు, లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు ఉంటయి, అసొంటి చోట నాకు సరిగ కనవడకపోతె ఏంది పరిస్థితి? నాకు భయమైతుంది సార్, ఈ మాట ఊకెనే రాస్తలేను.

పోయినసారి ఫోన్‌ల మీ మేడం సూదితోని గుచ్చి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి, ఏటీఎం కార్డుతోని గట్టిగ నొక్కుమన్నరు. గుండుసూది తలకాయంత బుడగైతే, సూదిని ఏటవాలుగ ఫిల్మ్ వరకే దింపి గాలి తీస్తరు, అది ఒప్పుకుంట. గోరంత దానికి అది పనికి రాదు, సూది కొంచెం లోతుకు దిగినా కింద లెన్స్ కోటింగ్ మీద గీత పడ్తది, ఆ బొక్కల కెళ్లి వానకాలం తడి పోతది. రేపు నేనే గుచ్చిన అని వారంటీ కొట్టేస్తె? అందుకే నేను ముట్టలేదు, ముట్టను కూడ. అంచు లేపి మళ్ల నీళ్లు కొట్టి సర్దుడు కూడ ఏసిన పూటనే జరగాలె, గమ్ము పట్టినంక అది అయ్యే పని కాదు.

వారంటీ కార్డు మీద పచ్చబడుడు, పగులుడు, ఊడుడుతోని పాటు బబ్లింగ్ కూడ మీరే అచ్చేసిండ్రు. కాబట్టి నేను అడిగేది ఇది. పని తెలిసిన మీ మనిషి హన్మకొండకే రావాలె, సమంగ వేడి పెట్టుకుంట మెల్లగ ఫిల్మ్ ఊడదీయాలె, గమ్ము మిగలొద్దు. లెన్స్ మీద ఫిల్మ్ కోసినప్పటి బ్లేడు గీతలేమన్న పడినయా నా ముంగటనే చూడాలె, పడి ఉంటే ఆ ఖర్చు మీదే. కొత్త పీసు మూసిన రూముల, పొద్దుగాల సల్లటి టైంల, ఆర్వో నీళ్లతోని ఎయ్యాలె, లేబర్ చార్జీతోని సహ నాకు రూపాయి పడొద్దు. అట్ల చెయ్యలేమంటే ఫిల్మ్ మీరే తీసేసి మొత్తం పైసలు వాపస్ ఇయ్యండి.

వారం లోపట రాతపూర్వకంగ జవాబు కావాలె, ఫోన్‌ల మాట వద్దు. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫిర్యాదు చేస్త, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలనే కేసు ఎయ్యొచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడ లేదు. అంత దూరం పోవుడు నాకూ ఇష్టం లేదు, మీ ఫిల్మ్ మంచిదని ఇద్దరు ముగ్గురు చెప్తెనే తీసుకున్న.

మీ మనిషి వచ్చే ముందు రోజు ఫోన్ చెయ్యమనండి, సాయంత్రం ఆరు దాటినంకనైతే ఎత్తుత. ఆదివారం అయితే పొద్దటికెళ్లి ఇంటికాడనే ఉంట.

ఇట్లు,
హన్మకొండ నుంచి మీ కస్టమర్