కౌంటర్ వెనక నుంచి నాన్న

చిన్నా,

మొన్న ఫోన్‌లో కండోమ్‌ల మాట ఎత్తబోయి ఆగిపోయాను. ఎదురుగా ఉంటే అసలే చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. సాయంత్రాలు నీ ఈడు కుర్రాళ్లు వస్తారు. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే ఒక దగ్గుబిళ్ల కొనుక్కుని వెళ్లిపోతారు. వాళ్లకేం కావాలో నాకు తెలుసు. రెండు రోజులకు వాళ్లలోనే ఒకడు కంగారుగా వచ్చి 72 గంటల మాత్ర అడుగుతాడు. అది గర్భం రాకుండా ఆపొచ్చు గానీ హెచ్ఐవీని, సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధుల్ని ఆపలేదు. పైగా మింగాల్సింది ఆ అమ్మాయి. నెలసరి వచ్చేదాకా టెన్షన్ కూడా ఆమెదే. వీడు సిగ్గుపడినందుకు ఆమె పడే బాధ అది. నువ్వు అలా చేయకూడదు.

నీకు 24 ఏళ్లు. నీ జీవితంలో ఎవరున్నారో నేను అడగను. ఆమె ఇష్టం ఎంత ముఖ్యమో కండోమ్ కూడా అంతే ముఖ్యం. "నామీద నమ్మకం లేదా" అన్న మాట మీ మధ్య రానివ్వకు. ఇలాంటి జబ్బు ఉన్నా చాలామందికి ఆ సంగతే తెలియదు.

వాడటం తెలియక కూడా చాలామంది దెబ్బతింటారు. నెలల తరబడి పర్సులో ఉంచితే వేడికీ ఒరిపిడికీ పాడవుతుంది. ప్యాకెట్ మీద తేదీ చూడు, పళ్లతో చింపకు. కొబ్బరినూనె, వాజిలైన్ తగిలితే రబ్బరు బలం పోతుంది. రెండు కలిపి తొడిగితే ఒరుసుకుని చిరిగిపోవచ్చు. కొస నొక్కి గాలి తీసి, మొదటినుంచీ వాడాలి, మధ్యలో కాదు. ఏడాదిపాటు ప్రతిసారీ సరిగ్గా వాడితే 100 మందిలో ఇద్దరికే గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో 13 మందికి. హెర్పిస్ లాంటివి చర్మం తగిలినా అంటుకోవచ్చు, అది కూడా గుర్తుపెట్టుకో.

చిరిగితే దాచకు, ఆమెకు వెంటనే చెప్పు. హెచ్ఐవీ భయముంటే అది సోకకుండా ఇచ్చే మందు కోసం 72 గంటల్లోపే ప్రభుత్వాసుపత్రికి వెళ్లు, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, పరీక్ష ఉచితం, వివరాలు బయటికి రానివ్వరు. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి.

1968లో ప్రభుత్వం నిరోధ్ కండోమ్‌లు తెచ్చినప్పుడు కిరాణా కొట్లలో కూడా అమ్మించింది. ఇన్నేళ్లయినా నేను నల్ల కవరులో చుట్టి ఇస్తూనే ఉన్నాను. పోయిన ఆదివారం వాటిని వెనక అరలోంచి తీసి కౌంటర్ మీద పెట్టాను. మీ అమ్మే సర్దింది.

మీ నాన్న