కాలనీ సంక్షేమ సంఘం, అనంతపురం: ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ కాగితంలో మురుగు కాలవ, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి గురించే రాసేవాళ్లం. ఆ పనులు ఈసారీ జరిగాయి. రెండో వీధి కాలవ మాత్రం మళ్లీ మిగిలిపోయింది, అర్జీ ఇచ్చాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచారు. ఇక మిగతా చోటంతా, ఉద్యోగం ఇంటర్వ్యూల్లో తన గురించి తాను చెప్పుకోవడం నేర్పే మన ఆదివారం క్లాసుకే ఇస్తున్నాను. కమిటీలో గొడవ జరిగింది దాని మీదే మరి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టాక, డిప్లొమానో బీటెక్కో చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే ఆశ. 2022లో జిల్లాను విడదీసినప్పుడు ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, ఆశ ఇక్కడే ఉండిపోయింది. ఫ్యాక్టరీకి పోయినా, బెంగళూరుకు పోయినా, తిరిగొచ్చిన పిల్లలు చెప్పేది ఒకటే. "నీ గురించి చెప్పు అన్నారు సార్. పేరు, ఊరు, కాలేజీ, మార్కులు చెప్పినా. ఇంకా చెప్పు అన్నారు. ఇంకేముంటుంది చెప్పేదానికి?"

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు పెడదామని కమిటీలో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. చెప్పడానికి ఏమీ లేదనుకునేవాడికి ఇంగ్లిష్ నేర్పితే, ఏమీ లేదన్న మాటే ఇంగ్లిష్‌లో చెబుతాడు. ముందు తెలుగులో తన కథ తాను చెప్పుకోవడం రావాలి. "కథలు చెప్పించడానికా చందాలు కట్టింది?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన మనవడే మొదటి వారం ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి వారాల్లో మాకు అడ్డొచ్చింది సిగ్గు. మన ఇళ్లల్లో తన గురించి తాను చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు. అందుకే మనవాళ్లు "నేను" అనరు, "మేమంతా కలిసి చేసినాం" అంటారు. ఉద్యోగం ఇచ్చేవాడికి ఆ గుంపులో నువ్వేం చేశావో తెలియాలి కదా.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ధర్మవరంలో మగ్గం ఇంటి పిల్ల, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి బీకాం చదివింది. అకౌంట్స్ ఉద్యోగానికి వెళితే "ఎప్పుడైనా ఒక సమస్య తీర్చావా?" అని అడిగారట. లేదని చెప్పి వచ్చేసింది. మా క్లాసులో మాటల మీద మాటగా "ఇంట్లో పట్టు లెక్క ఎవరు చూస్తారమ్మా?" అని అడిగితే "నేనే" అంది. మాస్టర్ వీవర్, అంటే చీరలు నేయించుకునే ఆసామి, పట్టు తూకం వేసి ఇస్తాడు, చీర తిరిగిచ్చేటప్పుడు మళ్లీ తూస్తాడు, తగ్గితే కూలిలో కోత. ఈ పిల్ల ఇంటర్‌లో ఉన్నప్పుడే ఒక నోటుపుస్తకం పెట్టి వచ్చిన తూకం, పోయిన తూకం, తరుగు రాసుకుంటూ పోయింది. ముసురు రోజుల్లో తెచ్చిన పట్టుకే తేడా ఎక్కువ వస్తోందని కనిపెట్టింది. పట్టు తేమ పీల్చుకుంటుంది, ఆరాక బరువు తగ్గుతుంది. అప్పట్నుంచి తెచ్చిన పట్టును ఆరనిచ్చి మళ్లీ తూచి, ఆ అంకె కూడా రాసి చూపించింది. కోత ఆగింది. స్టాకు సరిచూడటం అంటే ఇంతకంటే ఏముంది? ఆ పిల్లకు మాత్రం అది ఇంటిపని, రెజ్యూమెలో రాసేది కాదు. తర్వాతి ఇంటర్వ్యూలో ఇదే చెప్పింది. ఇప్పుడు స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు చూస్తోంది. ఉద్యోగం ఈ కథ వల్లే వచ్చిందని నేను చెప్పను. ఆమె మాత్రం అంటుంది.

ఇలా చెప్పడాన్నే కంపెనీలవాళ్లు స్టార్ (సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్) పద్ధతి అంటారు. పరిస్థితి ఏమిటి, నీ మీద పడ్డ పని ఏమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది. రెండు నిమిషాల్లో నాలుగూ రావాలి. మనవాళ్లకు మొదటిది దాటదు. వాన రాలేదు, చెనిక్కాయ పంట ఎండింది, నాన్న అప్పు చేశాడు... ఇక్కడికే టైమ్ అయిపోతుంది. వినేవాడికి జాలి కలుగుతుందేమో గానీ, పని ఇవ్వాలనిపించదు. కష్టం రెండు ముక్కల్లో చెప్పి, దాన్ని నువ్వెలా దాటావో దాని మీద నిలబడాలి.

దీనికి మందు బుర్రకథలో దొరికింది. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు కదా, నవ్విస్తూ, అడుగుతూ కథను ముందుకు తోస్తారు. మేమూ ముగ్గురు ముగ్గుర్ని కూర్చోబెట్టాం. ఒకరు చెప్పాలి, ఒకరు మాటిమాటికీ "అప్పుడు నువ్వేం చేసినావు?" అనాలి, మూడోవాళ్లు కోతలు కోసినచోట వెక్కిరించాలి. ఈ మూడోపనికి పోటీ ఎక్కువైంది.

పొరపాటూ జరిగింది. బాగా చెప్పిన ఒక కథను కాగితం మీద రాయించి అందరికీ పంచాం. తప్పు మాదే. ఇద్దరు కుర్రాళ్లు ఒకే కంపెనీకి వెళ్లి ఒకే బోరుమోటారు బాగుచేసిన కథ చెప్పారు. రెండోవాణ్ని "మోటారు ఎన్ని హెచ్‌పీ?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఆ రోజు నుంచి కాగితాలు పంచడం మానేశాం.

నడివయసు సభ్యులు నలుగురైదుగురు కూడా వచ్చారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినాయన ఒకరు, మధ్యలో ఖాళీగా ఉన్న రెండేళ్లు ఎలా చెప్పాలా అని టెన్షన్ పడేవారు. తల్లికి పక్షవాతం వస్తే దగ్గరుండి చూసుకున్నారట. "అదే చెప్పండన్నా" అన్నాం. బ్యాంకులో పనిచేసే ఒక అక్క ప్రమోషన్ ఇంటర్వ్యూ కోసం, వారానికోసారి చేసిన పనిలో ఒక ముక్క డైరీలో రాసుకోవడం మొదలుపెట్టారు. అప్రైజల్ (ఆఫీసులో పని మదింపు) ముందురోజు తలగోక్కునే నాలాంటివాళ్లకు అది బాగా పనికొచ్చే అలవాటు.

పరీక్షల నెలలో క్లాసు నడవలేదు. వచ్చే ఏడాది కొనసాగించాలా వద్దా అనేది సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చండి. కొనసాగిస్తే హాల్లో రెండో ఫ్యాను బాగుచేయించాలి. రెండో వీధి కాలవ సంగతి కూడా అదే రోజు మాట్లాడదాం.

ఇట్లు,
కార్యదర్శి