ప్రాగ్‌లో మూడు గంటల గడువు

ఒరేయ్ శీనూ,

ప్రాగ్ ఫోటోలకి వరసగా లైకులు కొట్టేసి ఊరుకున్నావు గానీ, ట్రిప్ ఎలా జరిగిందిరా అని ఒక్క మాట అడగలేదు. నువ్వు అడక్కపోయినా నేను చెప్తా, ఎందుకంటే అసలు కథ ఆ ఫోటోల్లో లేదు. ఆ గడియారం ముందు నవ్వుతూ నిలబడ్డ ఫోటో ఉంది చూడు, అది నవ్వు కాదు మామా, ఆయాసం.

మొదట్నుంచీ చెప్తా. గురువారం రిపోర్ట్ సబ్మిట్ చేసేశా, శనివారం పొద్దున్నే ఇక్కడ జర్మనీలో, మా డ్రెస్డెన్‌లో రైలెక్కా. చెక్ రాజధాని ప్రాగ్‌కి రెండున్నర గంటలే. ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోమని ల్యాబ్‌లో ఒకమ్మాయి చెప్పింది, ఆమెకి ఓ దణ్ణం. ఊరు దాటిన కాసేపటికే ఎల్బే నది పక్కకొచ్చి చేరుతుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు వేళ్లు నిలబెట్టినట్టు నిటారుగా ఉంటాయి. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియనే లేదు, ఫోన్‌కి స్వాగతం మెసేజ్ వస్తే అప్పుడు తెలిసింది. నది పేరు మాత్రం మారిపోయింది, అక్కడ దాన్ని లాబె అంటారు. ఇంకొంచెం పైన మ్యెల్నిక్ అనే ఊరి దగ్గర వల్తావా వచ్చి అందులో కలుస్తుంది. ప్రాగ్ మధ్యలోంచి పారేది ఆ వల్తావానే. అంటే అక్కడి వంతెన కింద పారిన నీళ్లే నేను రోజూ సైకిల్ మీద దాటే వంతెన కిందకి వస్తున్నాయన్నమాట. రెండేళ్లుగా ఇక్కడే ఉన్నా, ఈ సంగతి మ్యాప్ చూసేదాకా తట్టలేదు.

ఇక డబ్బుల గోల. చెక్ వాళ్లు 2004లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరారు గానీ యూరో తీసుకోలేదు, ఇప్పటికీ కొరూనాలే. యూరోకి దాదాపు 25 కొరూనాలు రావాలని నాకు తెలుసు. తెలిసి కూడా, పాత పట్నం సందుల్లో 'కమీషన్ 0%' అని పెద్దక్షరాలతో బోర్డు కనబడగానే లోపలికెళ్లి 50 యూరోల నోటు ఇచ్చేశా. చేతికి 850 వచ్చాయి. పన్నెండొందల పైన రావాల్సింది! కమీషన్ సున్నానే, అందులో అబద్ధం లేదు, దోచుకున్నదంతా రేటులోనే. బయటికొచ్చి లెక్క చూసుకుంటే కడుపు కాలిపోయింది. ఆ దుఃఖంలో పక్కనే ఉన్న బండి దగ్గర ట్రుడెల్నిక్ ఒకటి కొన్నా. పిండిని కర్రకి చుట్టి కాల్చి, చక్కెర, దాల్చినచెక్క పొడి అద్ది ఇస్తారు, గొట్టంలా ఉంటుంది. 'పాత బొహీమియా వంటకం' అని బోర్డు మీద రాసుంది, బొహీమియా అంటే ఈ ప్రాంతం పేరే. తర్వాత తెలిసిందేమిటంటే ప్రాగ్ వీధుల్లో అది కనబడటం మొదలైంది ఈమధ్యేనట, టూరిస్టుల కోసం పుట్టిన సంప్రదాయం. వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది, కాదనను. కానీ గంటలో రెండుసార్లు టోపీ పెట్టించుకున్నా.

హాస్టల్‌కి వెళ్లి పక్క బెడ్ కుర్రాడితో ఇదంతా ఏడుస్తుంటే, వాడు తాపీగా "రసీదు ఉందా?" అన్నాడు. ఉంది. "టైమ్ ఎంతుంది దాని మీద?" పదకొండు పది. అప్పుడు చెప్పాడు, 2019 నుంచి చెక్ దేశంలో ఒక చట్టం ఉందట, మనీ చేంజ్ చేసిన మూడు గంటల్లోపు వెనక్కెళ్లి రద్దు చేయమంటే చేసి తీరాలి, వెయ్యి యూరోల లోపు మొత్తమైతే చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఫోన్ చూస్తే ఒకటీ ఇరవై. ఇంకా యాభై నిమిషాలుంది. కానీ ఇచ్చింది ఇచ్చినట్టు 850 తిరిగివ్వాలి కదా, ఆ గొట్టం తినేశాక నా దగ్గర ఏడొందలే మిగిలాయి! ఆ కుర్రాడే రెండొందలు చేబదులిచ్చాడు. ముక్కూమొహం తెలియని మనిషి.

ట్రామ్ దిగి పరుగు. తిన్నగా వెళ్లిపోతే పోయేది. కానీ పాత పట్నం స్క్వేర్‌లో జనం అందరూ తలలెత్తి ఆ గడియారం కేసి చూస్తున్నారు, రెండు కావడానికి నిమిషం ఉంది. 1410 నాటిది, ఇంకా నడుస్తున్న ఖగోళ గడియారాల్లో అన్నిటికంటే పాతది. చూడకుండా ఎలా పోతాన్రా? ఆగా. ఒక పక్కన అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, పైన చిన్న కిటికీలు తెరుచుకుని క్రీస్తు శిష్యులు ఒక్కొక్కరే వచ్చి తొంగి చూసి పోతారు, చివర్లో బంగారు కోడి కూస్తుంది. నిమిషంలోపే అంతా అయిపోయింది, పక్కనెవరో "ఇంతేనా?" అన్నారు. నా కళ్లు మాత్రం ఇంకో బొమ్మ మీదే ఉన్నాయి. అస్థిపంజరానికి అవతలి పక్కన చేతిలో డబ్బు సంచి పట్టుకుని ఒక పిసినారి నిలబడి ఉంటాడు. ఆరువందల ఏళ్ల గడియారం మీద నుంచి వాడు నన్నే చూసి ఆ సంచి ఊపుతున్నట్టు అనిపించింది. నువ్వు చూసిన ఫోటో అప్పుడు తీసిందే.

రెండూ అయిదుకి కౌంటర్ ముందు నిలబడ్డా. రసీదు అద్దం కింద నుంచి తోశా, దాని మీద 850 పెట్టా, "క్యాన్సిల్" అన్నా. ఆవిడ నావంక చూసింది, గోడ గడియారం చూసింది, రసీదు చూసింది. ఇంకేదో కాగితం ముందు పెట్టింది, సంతకం పెట్టా. యాభై యూరోల నోటు బయటికొచ్చింది. అదే నోటు మామా, మూల మడత కూడా నాదే! పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినా అంత సంతోషపడి ఉండను. ఆ తర్వాత అంతా కార్డుతోనే. మెషిన్ యూరోల్లో కడతావా అని అడిగితే మాత్రం కాదని కొరూనాలే నొక్కాలి, లేకపోతే అక్కడా ఇదే కథ.

కోట గురించి ఎక్కువ రాయను, జనం తొక్కిడి. అక్కడి సెయింట్ వీటస్ కేథడ్రల్ మాత్రం 1344లో మొదలెట్టి 1929లో పూర్తి చేశారని తెలిశాక నా థీసిస్ గురించి టెన్షన్ కాస్త తగ్గింది.

సాయంత్రం వెన్సెస్లాస్ స్క్వేర్‌కి వెళ్లా. పేరుకి స్క్వేరే గానీ పొడుగాటి రోడ్డు. పై చివర మ్యూజియం ముందు నేల మీద ఒక కంచు శిలువ ఉంది, దాని చుట్టూ రాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి, కిందేదో కదిలినట్టు. 1968 ఆగస్టులో ఈ దేశం మీదకి సోవియట్ ట్యాంకులు వచ్చాయి కదా, ఆ తర్వాత జనం మెల్లగా సర్దుకుపోతుంటే, 1969 జనవరిలో యాన్ పాలఖ్ అనే విద్యార్థి అక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. వయసు ఇరవై. ఎవరో ఒక కొవ్వొత్తి పెట్టి వెళ్లారు, గాలికి ఆరిపోయి ఉంది. నా దగ్గర అగ్గిపెట్టె లేదు. కాసేపు నిలబడి వచ్చేశా.

ఆదివారం తెల్లారే చార్లెస్ వంతెన. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో, తొమ్మిదో తేదీ, ఏడో నెల, పొద్దున 5 గంటల 31 నిమిషాలకి పునాది రాయి వేశాడని చెప్పుకుంటారు, అంకెలన్నీ వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1 వస్తుందని. ముహూర్తాల పిచ్చి మనకే ఉందనుకున్నా! నేనూ అదే టైమ్‌కి అలారం పెట్టుకుని వెళ్లా. మే నెల కాబట్టి అప్పటికే వెలుగొచ్చేసింది, ఇద్దరు కెమెరావాళ్లు, ఒక తాగుబోతు, నేను. ముప్ఫై విగ్రహాలూ నల్లగా మసిబారి ఉన్నాయి, సెయింట్ నెపోముక్ విగ్రహం కింద కంచు పలకలు తప్ప. ఒకదాని మీద చిన్న కుక్క బొమ్మ ఉంది, అందరూ అదృష్టం కోసం నిమిరీ నిమిరీ దాన్ని బంగారంలా చేసేశారు. నేనూ నిమిరా. చల్లగా, సబ్బు ముక్కలా జారుతోంది.

తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర జర్మన్ పోలీసులు ఎక్కి కార్డులు చూశారు, కాబట్టి నువ్వొస్తే పాస్‌పోర్టు హాస్టల్ గదిలో వదిలేసి బయల్దేరకు.

ఇంకోటి, ఆ కుర్రాడికి రెండొందలూ ఇచ్చేశాక జేబులో ఒకే ఒక్క ఇరవై కొరూనాల నాణెం మిగిలింది, చెక్ వాళ్ల సెయింట్ వెన్సెస్లాస్ గుర్రం మీద ఉంటాడు దాని మీద. నీకని దాచా. సెప్టెంబర్‌లో వస్తానన్నావు, టికెట్ బుక్ చేశావా లేదా అది ముందు చెప్పు.

నీ
రఘు