ఐఫోన్ యాప్ అప్‌డేట్లు ఎందుకు ఆలస్యమయ్యాయి, మీ మ్యాక్‌లో ఏం చూసుకోవాలి

మా దగ్గర ఐఫోన్ యాప్‌లు చేయించుకున్న కస్టమర్లందరికీ,

ఈ నెలలో మీలో కొందరి అప్‌డేట్లు నాలుగైదు రోజులు ఆలస్యమయ్యాయి. తప్పు మాదే. యాప్‌లో లోపమేమీ లేదు. కొత్త మ్యాక్‌కు మారినప్పుడు డెవలపర్ సర్టిఫికెట్లు (యాప్ మీదేనని డిజిటల్ సంతకం పెట్టడానికి, అంటే సైన్ చేయడానికి, యాపిల్ ఇచ్చేవి) తెచ్చుకున్నాం గానీ వాటి ప్రైవేట్ కీలు (ఆ సంతకానికి కావలసిన రహస్య తాళంచెవులు) పాత మ్యాక్‌లోనే ఉండిపోయాయి. సొంత డెవలపర్ అకౌంట్, సొంత మ్యాక్ ఉన్న కస్టమర్లకూ ఇదే చిక్కు వస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాం.

ముందు అందరూ అడుగుతున్న ప్రశ్న. యాప్ స్టోర్‌కు పంపే యాప్‌ను సైన్ చేసే డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ గడువు ముగిసినా యాప్ స్టోర్‌లో ఉన్న మీ యాప్ ఆగదు, కొత్త వెర్షన్ పంపడమే కుదరదు. ఏడాదికి 99 డాలర్లు కట్టే డెవలపర్ ప్రోగ్రామ్ సభ్యత్వం అలా కాదు. అది రెన్యూ చేయకపోతే యాప్ స్టోర్‌లో మీ యాప్ కొత్తవాళ్లకు దొరకదు. ఈ రెండు తేదీలనూ విడివిడిగా రాసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. కీచైన్ యాక్సెస్ (మ్యాక్‌లో పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్లు, కీలు దాచే యాప్)లోని సర్టిఫికెట్ అసిస్టెంట్‌తో, సర్టిఫికెట్ కోసం రిక్వెస్ట్ ఫైల్ చేసినప్పుడు ఆ మ్యాక్‌లో కీల జత తయారవుతుంది. పబ్లిక్ కీ రిక్వెస్ట్‌తో పాటు యాపిల్‌కు వెళ్తుంది. ప్రైవేట్ కీ మాత్రం ఆ మ్యాక్‌లోనే ఉంటుంది. యాపిల్ సైట్ నుంచి దిగే డాట్ సెర్ (.cer) సర్టిఫికెట్ ఫైల్‌లో అది ఉండదు. అందుకే ఆ ఫైల్‌ను వేరే మ్యాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది, యాప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ మాత్రం సైన్ చేయనివ్వదు.

చూసుకోవడం తేలికే. కీచైన్ యాక్సెస్‌లో ఎడమవైపు లాగిన్ ఎంచుకుని, పైన మై సర్టిఫికెట్స్ నొక్కండి. సర్టిఫికెట్ పేరు పక్కన చిన్న బాణం ఉండి, నొక్కితే కింద తాళంచెవి బొమ్మ కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. బాణం లేకపోతే, రిక్వెస్ట్ తయారుచేసిన మ్యాక్‌కే వెళ్లాలి. అక్కడ మై సర్టిఫికెట్స్‌లోంచే ఎక్స్‌పోర్ట్ చేసి, సర్టిఫికెట్, కీ రెండూ ఉండే డాట్ పీ12 (.p12) ఫైల్‌గా, పాస్‌వర్డ్ పెట్టి తెచ్చుకోండి. ఎక్స్‌పోర్ట్‌లో పీ12 ఎంపిక మసకబారి ఉంటే ఆ మ్యాక్‌లోనూ కీ లేదనే అర్థం.

పాత మ్యాక్ అమ్మేశారా, ఫార్మాట్ చేశారా? ఆ కీ బ్యాకప్‌లో కూడా లేకపోతే ఇక రాదు. సర్టిఫికెట్ రివోక్ (రద్దు) చేసి కొత్త రిక్వెస్ట్‌తో కొత్తది తీసుకోవడమే. అక్కడితో పని అయిపోదు, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. యాప్‌ను సర్టిఫికెట్‌తో ముడిపెట్టే ఫైల్‌ను ప్రొవిజనింగ్ ప్రొఫైల్ అంటారు. పాత ప్రొఫైల్ లోపల పాత సర్టిఫికెట్టే ఉంటుంది. ప్రొఫైల్‌ను ఎడిట్ చేసి, కొత్త సర్టిఫికెట్ ఎంచుకుని, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మైనస్ 25294 ఎర్రర్ వస్తే, ఐక్లౌడ్ కీచైన్‌లోకి వేయబోతున్నారేమో చూడండి. లాగిన్ ఎంచుకుని, ఫైల్‌ను అందులోకి లాగి వదిలితే సరిపోతుంది.

సర్టిఫికెట్ నమ్మదగినది కాదని ఎర్ర అక్షరాల్లో వస్తే, సాధారణంగా యాపిల్ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్ యాపిల్ ఇచ్చినదేనని మ్యాక్‌కు రుజువు చేసేది) లేనట్టు. పాతది 2023 ఫిబ్రవరి 7తో ముగిసింది. ఇప్పుడు కావలసింది డబ్ల్యూడబ్ల్యూడీఆర్ జీ3 (WWDR G3), దాని గడువు 2030 ఫిబ్రవరి దాకా ఉంది. యాపిల్ సర్టిఫికెట్ల పేజీలోంచి దింపి డబుల్ క్లిక్ చేయండి. ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడి ట్రస్ట్ సెట్టింగ్‌లో ఆల్వేస్ ట్రస్ట్ మాత్రం పెట్టకండి. పైకి నమ్మదగినదన్నట్టే కనిపిస్తుంది, సైనింగ్ మాత్రం విఫలమవుతుంది. ఇప్పటికే పెట్టి ఉంటే యూజ్ సిస్టమ్ డీఫాల్ట్స్‌కు తిప్పండి.

విండోస్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (OpenSSL) అనే ఉచిత టూల్‌తో పీ12 చేసేవారికి ఒక మాట. వెర్షన్ 3తో చేసిన ఫైల్‌కు సరైన పాస్‌వర్డ్ కొట్టినా మ్యాక్ తప్పంటుంది. కొత్త ఎన్‌క్రిప్షన్ పద్ధతి కీచైన్‌కు మింగుడుపడకపోవడమే కారణం. కమాండ్‌లో లెగసీ (-legacy) ఆప్షన్ చేర్చి మళ్లీ తయారుచేయండి. పాస్‌వర్డ్ ఖాళీగా వదలకండి.

పీ12, దాని పాస్‌వర్డ్ రెండూ ఒకే వాట్సాప్ చాట్‌లో పంపుతున్నారు. దయచేసి మానండి. అవి రెండూ ఎవరి చేతిలో పడితే వాళ్లు మీ పేరుతో సైన్ చేయగలరు. ఫైల్ మెయిల్‌లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పండి.

ఇకపై ప్రతి కస్టమర్ పీ12 ఫైల్‌నూ ఎన్‌క్రిప్ట్ చేసి రెండు చోట్ల భద్రపరుస్తాం, గడువుకు 30 రోజుల ముందే మీకు చెబుతాం. ఈసారి ఆలస్యమైన అప్‌డేట్లకు చార్జీ తీసుకోం. మీరు మ్యాక్ మారుస్తున్నా, అమ్ముతున్నా, ఫార్మాట్‌కు ఇస్తున్నా ముందురోజే మాకు ఫోన్ చేయండి. స్క్రీన్ షేరింగ్‌లో పీ12 తీసి పెడతాం, దానికీ చార్జీ లేదు.