బీదర్ వెళ్లొచ్చాక శీనుకి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ఇక్కడ అందరం బావున్నాం, అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చెల్లి సంబంధం సంగతి మళ్లీ రాస్తా. ముందు ఇది విను.

బీదర్ వెళ్లి బహమనీ సుల్తానుల ప్రధానమంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా చూశాన్రా. ఒక మీనారే మిగిలింది, దాని మీద నీలి పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. అక్కడ నిలబడినప్పటి నుంచీ ఆయనే మనసులో మెదులుతున్నాడు.

1347లో పుట్టిన బహమనీ రాజ్యాన్ని గోవా దాకా పెంచింది ఈ ఇరాన్ మనిషే. నాలుగు తరఫులు, అంటే రాష్ట్రాలు, ఉంటే ఎనిమిది చేశాడు. ఒక్కో తరఫ్‌ను ఏలే తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉంచి, మిగతావి సుల్తాను మనుషులకు అప్పజెప్పాడు. అంతే, పెద్దలందరికీ కంటగింపయ్యాడు. దర్బారులో ఇక్కడి దక్కనీలకూ, ఇరాన్ లాంటి చోట్ల నుంచి వచ్చిన పరదేశీలకూ గొడవ ఎటూ ఉండనే ఉంది.

ఇక వాళ్లేం చేశారో చూడు. ముద్ర దాచే బానిసను మంచి చేసుకుని ఖాళీ కాగితం మీద గవాన్ ముద్ర వేయించుకున్నారు. ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టు దాని మీద రాసేశారు! 1481 ఏప్రిల్, మన కొండపల్లిలో సుల్తాను మకాం. గుజరాత్ పారిపొమ్మని స్నేహితులు బతిమాలినా గవాన్ వినలేదు, నేరుగా దర్బారుకొచ్చాడు. ద్రోహికి శిక్షేమిటని సుల్తాను అడిగితే మరణమే అన్నాడట. అప్పుడు చూపించారు ఆ ఉత్తరం. ముద్ర నాదే, రాత నాది కాదన్నాడు. సుల్తాను మూడో మహమ్మద్ షా తాగి ఉన్నాడు, విచారణ లేదు, ఏమీ లేదు, అక్కడికక్కడే చంపమన్నాడు. ముసలివాణ్ణి నేను పోతే ఏముంది, మీకు రాజ్యమే పోతుంది అని గవాన్ అన్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అది రాస్తుంటే ఇప్పుడు కూడా...

ఏడాది తిరక్కుండానే సుల్తానూ పోయాడు. గద్దె మీద చిన్నపిల్లాడు, చుట్టూ కుట్రదారులు. వాళ్లలో ముఖ్యుడు మాలిక్ హసన్, వాడి కొడుకే 1490లో అహమద్‌నగర్ రాజ్యం సొంతంగా పెట్టుకున్నాడు. అలాగే బీజాపూర్, బీరార్, మన గోల్కొండ, ఎవరిదారి వాళ్లదే. 1527కల్లా బహమనీల పేరు కూడా మిగల్లేదు. బయటి శత్రువెవడూ కూల్చలేదురా, చెప్పుకుంటే కడుపు రగిలిపోతోంది. గవాన్ మదర్సాలో మూడు వేల పుస్తకాలుండేవంటారు, అవన్నీ ఏమయ్యాయో...

పోస్టు తీసే టైమైంది, మిగతా మళ్లీ.

నీ
రవి