అమ్మా, ఆ దగ్గు సంగతి నాకు చెప్పు

అమ్మా,

ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ, తమ్ముడు పక్కనుంటే నువ్వు మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నాను. మొన్న గొంతు బాగా తగ్గించి "తెల్లవారుజామున మీ నాన్న దగ్గు వినిపించిందే" అన్నావు. నేను నోరు తెరిచేలోపే "ఏం లేదులే, వాడికి చెప్పకు, నాకు మతి పోయిందనుకుంటాడు" అని ఫోన్ పెట్టేశావు. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. పోయిన నాన్న దగ్గు వినిపించిందని కాదమ్మా, ఆ మాట చెప్పుకోవడానికి నువ్వు అంత భయపడ్డావే, అందుకు.

నాకూ జరిగింది. నీకు చెప్పలేదు. నాన్న పోయిన మూడో నెలలో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి తలుపు తీశాను, లోపల నాన్న గడ్డం గీసుకునే సబ్బు వాసన! ఈ ఇంటికి నాన్న ఒక్కసారి కూడా రాలేదు, ఆ సబ్బు నేనెప్పుడూ కొనలేదు. కదిలితే పోతుందేమోనని లైటు కూడా వేయకుండా, బ్యాగు భుజాన ఉండగానే గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఒక నిమిషం ఉందేమో, తర్వాత ఎంత వెతికినా లేదు. బాగా ఏడ్చాను, కానీ చాలా రోజుల తర్వాత ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాను.

మర్నాడు నాకు టెన్షన్ పట్టుకుంది, ఏదైనా జబ్బేమోనని దొరికిందల్లా చదివాను. వేల్స్‌లో డెవి రీస్ అని ఒక డాక్టరుగారు, పెద్ద ఆసుపత్రి డాక్టరు కాదు, మామూలు ఫ్యామిలీ డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో స్వయంగా మాట్లాడి 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వాళ్లలో దాదాపు సగం మందికి ఇలాంటివి జరిగాయట. ఎక్కువమందికి మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడం, కొందరికి కనబడటం, కొందరికి గొంతు వినబడటం, చాలా కొద్దిమందికి తాకినట్టు ఉండటం. చాలామంది అది తమకు ఊరటగానే ఉందన్నారు. నువ్వు నలుగురితో కలవకుండా ఒంటరిగా గడుపుతున్నావు కాబట్టే ఇలా అని తమ్ముడు అంటాడేమో, కానీ ఆ డాక్టరుగారి లెక్కలో అలా ఒంటరిగా ఉండటానికీ దీనికీ సంబంధం కనబడలేదు. ఎక్కువ ఏళ్లు కలిసి బతికినవాళ్లకు, అన్యోన్యంగా ఉన్నవాళ్లకు ఎక్కువగా జరిగిందట. ఇది మామూలే, మేలే చేస్తుందని ఆయన తేల్చారు. ఇంకో మాట చదివి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వాళ్లలో చాలామంది ఆ డాక్టరుగారు అడిగేదాకా ఎవరికీ చెప్పుకోలేదట, నీలాగే, నాలాగే.

38 ఏళ్లు ఆ దగ్గుతోనే నీకు తెల్లవారింది. మన మెదడు చెవి దాకా వచ్చిన చప్పుడు వినడంతోనే ఆగదమ్మా, ఏది రావాలో ముందే ఊహించి సిద్ధంగా ఉంటుంది, కాబట్టి ఆ వేళకు ఆ దగ్గు కోసం అది ఇంకా ఎదురుచూస్తోందని నేననుకుంటున్నాను. నువ్వు మాత్రం ఆయనే వచ్చారంటావు. వాదించను. ఆ వాసన వచ్చినప్పుడు నాకు మాత్రం మెదడు ఎక్కడ గుర్తొచ్చింది, "నాన్నా" అని పైకే పిలిచాను.

తమ్ముడి మీద కోపం పెట్టుకోకు. ఈ సంగతి తెలిసి వాడు నిన్ను కసిరినా అది భయంతోనే. పైగా వాడికి ఇంతవరకూ ఏమీ వినిపించలేదు, కలలో కూడా రాలేదు, అదీ లోపల గుచ్చుకుంటూ ఉండొచ్చు. ఏమీ జరగని ఆ మిగతా సగం మంది ప్రేమ తక్కువదేమీ కాదని వాడికి నేను విడిగా చెబుతాను.

ఒక్క మాట మాత్రం నా కోసం విను. ఆ గొంతు నిన్ను భయపెట్టినా, ఏదైనా చేయమని ఆజ్ఞాపించినా, తనతో వచ్చేయమన్నా, లేదా నిద్రా తిండీ మానేసి దాని కోసమే కాచుకుని కూర్చుంటున్నా, అప్పుడు దాచకు, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఉత్త దగ్గుకు అక్కర్లేదు.

ఆదివారం తమ్ముడు బయటికెళ్లాక చేస్తాను. నాకు మొదటినుంచి చెప్పు. దగ్గు ఎటునుంచి వచ్చింది, మంచం వైపు నుంచా, వరండాలోంచా? ఒక్కసారేనా, లేక ఎప్పట్లాగే రెండుసార్లు దగ్గి గొంతు సవరించుకున్నారా? నువ్వేమైనా పలికావా?

నీ అమ్మాయి